రాజశేఖరం మంచివాడు కాకపోయి ఉంటే

యద్దనపూడి సులోచనారాణి పేరెత్తగానే ఎవరో ఒకరు ఆ పాత జోకు వేస్తారు. ఆరడుగుల అందగాడు, మేడ, మేడ ముందు పడవంత కారు, ఆ కారు దిగి వస్తున్న మనిషిని చూసి కూడా చూడనట్టు తల తిప్పుకునే మధ్యతరగతి అమ్మాయి. ఒక అపార్థం, కొన్ని కన్నీళ్ళు, కల్యాణం. ఈ జోకు వేసేవాళ్ళలో సగం మంది ఆవిడ నవల ఒక్కటీ చదివి ఉండరు. మిగతా సగం మంది పదహారేళ్ళప్పుడు వరసపెట్టి చదివేసి, ఆ తర్వాత చలం దగ్గరికో బుచ్చిబాబు దగ్గరికో వెళ్ళిపోయి, ఆ మొదటి చదువు సంగతి పైకి రానివ్వని వాళ్ళు. ఇంకో గుంపూ ఉంది. "ఆ రోజులే వేరు, సీరియల్ కోసం కాచుకుని కూర్చునేవాళ్ళం" అంటూ కళ్ళొత్తుకునేవాళ్ళు. వెక్కిరించేవాళ్ళూ కళ్ళొత్తుకునేవాళ్ళూ ఇద్దరూ చేయని పని ఒకటే. ఆ నవలల్ని పక్కపక్కన పెట్టుకుని, ఈ రచయిత్రి ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి ఏం నేర్చుకున్నారని చూడటం.

రొమాన్స్ రాసేవాళ్ళకి ఎదుగుదల ఉండదని మనకో గట్టి నమ్మకం. ఒకే కథని పేర్లు మార్చి రాస్తారు, అంతే కదా అంటాం. నిజమే, డిటెక్టివ్ నవలలో హంతకుడు దొరికి తీరాలి, ప్రేమ నవలలో ఇద్దరూ కలిసి తీరాలి. ముగింపు ముందే తెలిసిన ఆట ఇది. అలాంటి ఆటలో ఎదుగుదలని ముగింపులో వెతికితే ఏం దొరుకుతుంది? నేను వేరే చోట వెతుకుతాను. కథలో ఎక్కడో ఒకచోట అమ్మాయి ఒక అంచనాకి వస్తుంది. ఈ మనిషి ఇలాంటివాడు, ఈ ఇల్లు ఇలాంటిది, నాకు కావలసింది ఇది, అని. కథ అయిపోయేసరికి ఆ అంచనా ఒప్పని తేలిందా, తప్పని తేలిందా? ఈ ఒక్క ప్రశ్న చేతిలో పెట్టుకుని 'సెక్రటరీ', 'మీనా' రెండూ ఆ వరసలో చదవండి. ఒకే అచ్చులో పోసినట్టు కనపడే రెండు పుస్తకాల మధ్య చాలా దూరం ఉందని తెలుస్తుంది. ఆ దూరమే ఆవిడ ఎదుగుదల అని నా వాదన.

సీరియల్ నడవాలంటే

ముందు కాస్త లెక్క. సులోచనారాణి 1940లో కృష్ణా జిల్లా కాజలో పుట్టారు. మొదటి కథ 'చిత్రనళినీయం' 1956లో ఆంధ్రపత్రికలో అచ్చయింది. పెళ్ళయ్యాక హైదరాబాదు వచ్చి స్థిరపడ్డారు. 1960ల మధ్యలో 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, పుస్తకమై, ఇప్పటిదాకా అచ్చు ఆగకుండా అమ్ముడుపోతోంది. తొలి నవలతోనే అంత పేరు రావడం ఏ రచయితకైనా అదృష్టమే, ప్రమాదం కూడా. ఆ తర్వాత పాఠకులు అదే నవల మళ్ళీ కావాలంటారు. పత్రికవాళ్ళూ అదే అంటారు.

ఆవిడ ఖాళీ మైదానంలోకి రాలేదు. 1950ల చివరికే డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'లో ఇందిర అనే ఉద్యోగం చేసే అమ్మాయిని, ఎవరి క్షమాపణా అడగని అమ్మాయిని తెలుగులోకి తెచ్చేశారు. రంగనాయకమ్మ పెళ్ళి లోపలి సంగతులు రాస్తున్నారు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి'గా సినిమా అయింది. ఆ పదీ పదిహేనేళ్ళు తెలుగు పత్రికలు ఆడవాళ్ళ నవలల మీద నడిచాయి. ఎంతగా అంటే మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని సీరియల్స్ రాసేంతగా! మన సాహిత్య చరిత్రలో అలాంటి తిరకాసు ఇంకెప్పుడైనా జరిగిందా?

ఈ నవలల్ని చదివేటప్పుడు సీరియల్ అనే యంత్రాన్ని మర్చిపోకూడదు. ప్రతి భాగం ఒక సందేహం దగ్గర ఆగాలి. వచ్చే సంచిక కొనిపించాలి. ప్రేమకథలో అలాంటి సందేహాన్ని పుట్టించడానికి అన్నిటికంటే చవగ్గా దొరికే సరుకు అపార్థం. అతను ఎవరితోనో నవ్వుతూ కనపడతాడు, ఆమె ఇంకోలా అనుకుంటుంది, 'సశేషం'. ఇందులో ఒక మెలిక ఉంది. అపార్థం మీద కథ నడవాలంటే అమ్మాయి అంచనా తప్పు కావాలి. ఆమె తెలివైనదే కావచ్చు, పౌరుషం ఉన్నదే కావచ్చు, అయినా అసలు విషయంలో మాత్రం ఆమె పొరబడాలి. లేకపోతే అపార్థం అపార్థమే కాదు, అర్థం. కథ అక్కడితో ఆగిపోతుంది. అంటే హీరోయిన్ పొరబడటం అన్నది రచయిత్రి అభిప్రాయం కంటే ముందు పత్రిక అవసరం. ఈ అవసరంలోంచి ఆవిడ ఎలా బయటపడ్డారన్నదే చూడాల్సింది.

జయంతి ఎందుకు పొరబడాలి

'సెక్రటరీ' పేరే చూడండి. ఒక ఉద్యోగం పేరు. ఊళ్ళల్లో టైపు ఇన్‌స్టిట్యూట్లు నిండుతున్న కాలంలో, నాలుగు వేళ్ళు లోపలికి పోవాలంటే ఇంట్లో ఆడపిల్ల కూడా సంపాదించక తప్పదని మధ్యతరగతి ఒప్పుకోలేక ఒప్పుకుంటున్న కాలంలో, ఒక ప్రేమ నవలకి ఉద్యోగం పేరు పెట్టడం చిన్న విషయం కాదు. జయంతికి వెనక ఆస్తి లేదు, ఇంట్లో బామ్మ ఉంది, జీతం అవసరం ఉంది. ఆమె కాలు పెట్టిన లోకంలో ఉన్నవాళ్ళంతా డబ్బున్నవాళ్ళు. అక్కడి ఆడవాళ్ళ నోళ్ళలో నలిగే పేరు రాజశేఖరం. తర్వాత అతని దగ్గరే ఆమె సెక్రటరీ అవుతుంది.

ఈ నవలలో ఇప్పటికీ నన్ను ఆపే విషయం అతని అందం కాదు. జయంతి లెక్క. ఆమె ప్రతి మాటా లెక్క చూసుకుని మాట్లాడుతుంది. అతను చూపే ప్రతి మంచితనాన్నీ వెనక్కి తిప్పి, ఇది జీతంలో భాగమా, దయా, ఎరా, అని చూస్తుంది. యజమాని దగ్గర పనిచేసే ఆడపిల్లకి ఈ మూడింటి మధ్య తేడా తెలియడం ప్రాణావసరం. ఇప్పుడు ఆఫీసుల్లో పనిచేసే ఎవరిని అడిగినా చెబుతారు. యజమాని అతిగా మంచిగా ఉంటే ముందు భయం వేస్తుంది. ఆ భయాన్ని ఒక పాపులర్ నవల అరవై ఏళ్ళ క్రితం అంత వివరంగా పట్టుకోవడం చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆత్మాభిమానం అనే మాటని ఆడపిల్లల నోటికి అలవాటు చేసిన పుస్తకాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది.

కానీ తర్వాత ఏం జరుగుతుంది? రాజశేఖరం మంచివాడని తేలుతుంది. మొదటినుంచీ మంచివాడే. లోకం అతని గురించి అన్నవి పుకార్లు, జయంతి భయపడ్డవి అపోహలు. అన్ని పేజీల పాటు ఆమె కాపాడుకున్న జాగ్రత్త అంతా చివరికి ఒక ముచ్చటైన పొరపాటు అయిపోతుంది. కథ ఆమె 'వద్దు'ని గౌరవిస్తూ గౌరవిస్తూ వచ్చి, ఆఖర్న ఆ 'వద్దు' అక్కర్లేదు తల్లీ అని తల నిమురుతుంది.

1813లో అచ్చయిన జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' ఇలాంటి కథలన్నిటికీ మేనమామ ఇల్లు. అక్కడ కూడా ఎలిజబెత్ డార్సీ విషయంలో పొరబడుతుంది. కాకపోతే సగమే. అతను విక్‌హామ్‌కి అన్యాయం చేశాడన్నది తప్పు. అతనికి గర్వం తలకెక్కిందన్నది ఒప్పు. అందుకే ఆమె తన మనసు మార్చుకుంటే, అతను తన నడత మార్చుకోవాల్సి వస్తుంది. ఇద్దరూ చెరో సగం దూరం నడుస్తారు. రాజశేఖరం నడవక్కర్లేదు. జయంతి అర్థం చేసుకుంటే చాలు. ఆ రెండు పుస్తకాలకీ తేడా భాషలోనో స్థాయిలోనో వెతకడం కంటే, ఎవరు ఎంత దూరం నడిచారో కొలవడం మేలు.

పొగాకు బ్యారన్ల నీడలో చదివితే

ఈ కొలత నాకెందుకు ముఖ్యమో చెప్పాలంటే మా ఊరి సంగతి కాస్త చెప్పాలి. మాది వింజమూరు. నెల్లూరు జిల్లాకి పడమట, ఉదయగిరి కొండకి ఇవతల. నెల్లూరనగానే అందరికీ వరిపొలాలు, చేపల పులుసు గుర్తొస్తాయి. అది తూర్పు నెల్లూరు. మాది మెట్ట. వాన పడితే పంట, పడకపోతే బోరు, బోరు ఎండితే హైదరాబాదు బస్సో బెంగుళూరు బస్సో. పొగాకు వేసేవాళ్ళు బ్యారన్లు కట్టుకుంటారు. పక్కన కలిగిరిలోనో, అటు డి.సి.పల్లిలోనో వేలం కేంద్రానికి తోలుతారు. ఆకుని కర్రలకి అల్లేదీ, కాలిన ఆకుని రంగు చూసి గ్రేడు చేసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే.

అలాంటి ఊళ్ళోకి ఈ నవలలు అద్దె పుస్తకాల కొట్టు గుండా వచ్చాయి. అట్ట ఊడిపోయి, ఖాకీ కాగితం చుట్టుకుని, ఆఖరి రెండు పేజీలు లేకుండా వచ్చాయి. ఆఖరి పేజీలు లేకపోయినా ఎవరూ బాధపడేవాళ్ళు కాదు, ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి. ఇంకో దారి కూడా ఉండేది. పత్రికలోంచి సీరియల్ కాగితాలు చింపి, వరసగా పేర్చి, బైండు చేయించుకోవడం. మా పెద్దమ్మ దగ్గర అలాంటి బైండు పుస్తకాలు ట్రంకు పెట్టె నిండా ఉండేవి. ఒక పక్క కథ, దాని వెనక పేజీలో ఎప్పటిదో సబ్బు ప్రకటన. నేను సులోచనారాణిని చదివింది అందులోంచే.

పెద్దమ్మ గ్రేడింగుకి పోయి వచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టి, అది కాగేలోపు నాలుగు పేజీలు చదివేది. ఆ నాలుగు పేజీలు చదివేటప్పుడు పిలిస్తే పలికేది కాదు. జానిస్ రాడ్‌వే అనే అమెరికన్ పరిశోధకురాలు 1984లో 'రీడింగ్ ద రొమాన్స్' అనే పుస్తకంలో ఇదే రాసింది. ఒక చిన్న ఊళ్ళో రొమాన్స్ నవలలు చదివే గృహిణులతో మాట్లాడి, కథలో ఏముందన్నది తర్వాత సంగతి, ఆ చదివే సమయమే వాళ్ళు ఇంటిచాకిరీ నుంచి తమకోసం లాక్కున్న సమయం అంది. దానికి నేను కళ్ళారా సాక్షిని. అయితే ఆవిడే ఇంకో మాట కూడా అంది. హీరో కరుకుతనమంతా చివర్లో వెనక్కి తిరిగి చూస్తే ప్రేమే అని తేలడం ఈ నవలల అసలు మంత్రం, అని. మగవాడి ప్రవర్తనకి మంచి అర్థం వెతుక్కోవడం ఆడపాఠకురాలికి అభ్యాసం చేయిస్తుందన్నమాట.

మా పెద్దమ్మకి ఆ మంత్రం పారలేదు. 'సెక్రటరీ' గురించి ఎప్పుడో మాటల్లో, "ఆయప్ప మంచోడు గాబట్టి సరిపోయింది మే. కాకపోయుంటే?" అంది. అంతే అంది. పెళ్ళిచూపులప్పుడు ఆమెకి ఆ వచ్చిన మనిషిలో ఏదో నచ్చలేదట. ఇంట్లో చెప్పిందట. నీకేం తెలుసు అన్నారట. ఆమె అంచనా తప్పు కాలేదని ఊళ్ళో అందరికీ తెలుసు. అలాంటి మనిషి, అనుమానం తప్పయిన అమ్మాయి కథని అన్నిసార్లు ఎందుకు చదివింది? తన అనుమానం కూడా తప్పయి ఉంటే ఎంత బాగుండేదో అని చదివిందనుకుంటాను. దాన్ని కాలక్షేపం అని కొట్టిపారేయడం నాకు చేతకాదు. అలాగని ఆ పుస్తకం ఆమెకి న్యాయం చేసిందనీ అనలేను. తన కళ్ళతో చూసింది నిజమే అని చెప్పే కథ ఆ ట్రంకు పెట్టెలో ఆమెకి కావలసింది. ఉందా?

ఉంది. ముప్పాతిక వంతు ఉంది.

మీనా పొరబడదు

'మీనా' మొదలయ్యేసరికి లెక్కలన్నీ తలకిందులవుతాయి. ఈసారి డబ్బు అమ్మాయి వైపు ఉంది. మేడ ఆమెదే, కారు ఆమెదే. వాటితోపాటు వాళ్ళమ్మ కూడా ఉంది. ఏం కట్టాలి, ఎలా నడవాలి, ఎవరితో మాట్లాడాలి, ఎవరిని చేసుకోవాలి, అన్నీ అమ్మే. తండ్రి మెత్తని మనిషి. అమ్మ కనుసన్నల్లోంచి కొన్నాళ్ళు తప్పించుకుని మీనా పల్లెలో అత్తయ్య ఇంటికి వెళుతుంది. అక్కడ బావ కృష్ణ ఉన్నాడు. సేద్యం చేసుకుంటున్నాడు. మేడ లేదు, కారు లేదు.

జయంతి ప్రయాణం కింద నుంచి పైకి. మీనా ప్రయాణం పై నుంచి కిందకి. చాలామంది ఈ తేడా దగ్గరే ఆగి, పట్నం చెడ్డది, పల్లె మంచిది అనే నీతి కథ అంటారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనపడేది వేరే. మీనా చూసింది చూసినట్టే ఉంటుంది. అమ్మ ప్రేమలో పెత్తనం ఉందని ఆమెకి అనిపిస్తుంది, ఉంది. అమ్మ చూసిన సంబంధం తనకి సరిపడదని అనిపిస్తుంది, సరిపడదు. ఆ పల్లెలో తను తనలా ఉండగలనని అనిపిస్తుంది, ఉండగలదు. కథ నడిపే అడ్డంకులు ఇప్పుడు ఆమె బుర్రలో లేవు. బయట ఉన్నాయి. ఇంట్లో ఉన్నాయి, ఆస్తిలో ఉన్నాయి, అమ్మ గొంతులో ఉన్నాయి. మీనాకి కావలసింది జ్ఞానోదయం కాదు, ధైర్యం. తను చూసిన నిజాన్ని పైకి అనగలిగే ధైర్యం. నవల మొత్తం ఆ ధైర్యం గింజ కట్టడం గురించే.

సీరియల్ యంత్రం అదే, పాఠకులు అదే, పెళ్ళితో ముగింపు అదే. కానీ ఇంధనం మారింది. అపార్థం మీద నడిచే బండిని పెత్తనం మీద నడిపారు. దీనివల్ల నవలలో అందరికంటే బలమైన పాత్ర హీరో కాకుండా తల్లి అయింది. తెలుగు పాపులర్ నవలలో తల్లి అంటే దగ్గుతూ మంచాన పడి ఉండటమో, దీపం పెట్టి దీవించడమో. అలాంటి చోట, బిడ్డని ప్రేమిస్తూనే ఊపిరాడనివ్వని తల్లిని మధ్యలో నిలబెట్టడం సాహసమే. ఆవిడని రాక్షసిని చేసి వదిలేయలేదు కూడా. తన హోదాని తను కట్టుకున్న కోటలా కాపాడుకునే ఆడమనిషిగా అర్థమవుతుంది. ఇంట్లో చెలాయించడం తప్ప శక్తి వాడుకునే చోటు ఇంకోటి లేని తెలివైన ఆడవాళ్ళు ఎందరు లేరు మన ఇళ్ళల్లో?

1973లో ఈ నవలని విజయనిర్మల సినిమాగా తీశారు. తెలుగులో దర్శకురాలిగా ఆమెకి అదే మొదటి సినిమా. తర్వాత ఆమె అత్యధిక చిత్రాలు తీసిన మహిళా దర్శకురాలిగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. ఒక ఆడమనిషి రాసిన కథని ఒక ఆడమనిషి తెరకెక్కించడం, తల్లీకూతుళ్ళ తగాదా దానికి కేంద్రం కావడం! 1973లో అది ఎంత అరుదో చెప్పక్కర్లేదు. 2016లో త్రివిక్రమ్ 'అ ఆ' వచ్చినప్పుడు, హాల్లోంచి బయటికొచ్చిన అమ్మలు, పెద్దమ్మలు ఇది మీనాయే కదా అని ఇట్టే పట్టేశారు. నలభై మూడేళ్ళ తర్వాత కూడా ఆ కథ నిలబడగలిగిందంటే కారు వల్ల కాదు, కోడిపుంజులాంటి హీరో వల్ల కాదు. అమ్మ మాటకి ఎదురు చెప్పలేని కూతుళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి.

ముప్పాతిక వంతే ఎందుకన్నాను

మీనా వెళ్ళిన పల్లె మా ఊరిలాంటిది కాదు. అది కాలవ నీళ్ళ పల్లె. కృష్ణా జిల్లాలో పుట్టిన రచయిత్రి మనసులో పచ్చగా నిలిచిపోయిన పల్లె. అక్కడ శ్రమ కూడా అందంగా ఉంటుంది. అదే మీనాని వింజమూరు పక్క పల్లెకి తెచ్చి, బ్యారను దగ్గర ఆకు అల్లడానికి కూర్చోబెట్టి ఉంటే? వేళ్ళకి అంటుకున్న పొగాకు జిగురు అన్నంలో చేదెక్కుతుంటే వారం తిరక్కుండా నాన్నకి ఉత్తరం రాసేదేమో. ఇది వెక్కిరింత కాదు, ఒక హద్దు చూపించడం. ఈ నవలల్లో సేద్యం చేసే హీరో ఉంటాడు కానీ ఆ పొలంలో కూలికొచ్చే ఆడమనిషికి కథ ఉండదు. మేడలో కాఫీ తెచ్చే చేతులకి ముఖం ఉండదు. కులం పేరు ఎవరూ ఎత్తరు, ఎత్తనక్కర్లేనంతగా అందరూ ఒకే గీతకి ఇవతల ఉంటారు. అందరూ ఒకే రకం తెలుగు మాట్లాడతారు. "యాడికి పోతుండావు మే" అని పలకరించే మనిషి ఆ పేజీల్లో అడుగుపెడితే పనిమనిషిగానే పెట్టాలి.

రెండో హద్దు పెళ్ళి. మీనా అంచనా ఒప్పే కానీ, ఆ ఒప్పుని ఋజువు చేసేది మళ్ళీ ఒక మంచి మగవాడే. కృష్ణ మంచివాడు కావడం వల్లే ఆమె ధైర్యానికి ఫలితం దక్కింది. అమ్మాయి చూసిన నిజం మగవాడి మంచితనం మీద ఆధారపడకుండా నిలబడగలదా అన్న ప్రశ్న దగ్గర ఆ చట్రం ఆగిపోతుంది. ఓల్గా 1987లో 'స్వేచ్ఛ' రాసినప్పుడు సరిగ్గా అక్కడే మొదలుపెట్టారు. అరుణ ప్రేమించినవాణ్ణే చేసుకుంటుంది, అతను చెడ్డవాడేమీ కాదు, అయినా ఆ ఇంట్లో ఆమెకి గాలి ఆడదు. సులోచనారాణి నవల శుభం కార్డు వేసిన చోట ఓల్గా నవల మొదటి పేజీ తెరుచుకుంటుంది. ఈ రెంటినీ శత్రువులుగా చూడటం మనకి అలవాటు. నాకైతే ఒక రిలే పందెంలా కనపడతాయి. ఇంట్లో పెద్దవాళ్ళని కాదని తన మనసు తను నమ్మవచ్చు అని ముందు ఎవరో ఒకరు లక్షల మంది ఆడపిల్లలకి అలవాటు చేయాలి. ఆ తర్వాతే, నమ్మి వెళ్ళాక ఏమైందన్న ప్రశ్నకి పాఠకులు దొరుకుతారు.

ఆ తర్వాత

'మీనా' దగ్గర కనపడిన ఈ మలుపు ఆవిడ రచనా జీవితమంతా తిన్నగా సాగిందని చెప్పను. పేరు బ్రాండు అయ్యాక రచయితకి తన పుస్తకాలే పోటీ. 1973లోనే 'జీవన తరంగాలు' కూడా సినిమా అయింది. 1976లో రామానాయుడు 'సెక్రటరీ' తీశారు. అక్కినేని రాజశేఖరం, వాణిశ్రీ జయంతి. అప్పటికి అక్కినేనికి యాభై దాటాయి. పదేళ్ళుగా ఎవరి రాజశేఖరాన్ని వాళ్ళు మనసులో దిద్దుకున్న పాఠకురాళ్ళకి తెర మీద ఒకే ముఖం చూపించడం ఒకరకంగా లాభం, ఒకరకంగా నష్టం. సినిమా ఆవిడ కథల్లోంచి కారునీ మేడనీ తేలిగ్గా తీసుకోగలిగింది. జయంతి లోపలి లెక్కని తీసుకోలేకపోయింది. అది మాటల్లోనే ఉండే వస్తువు. మనకి గుర్తుండిపోయిన జోకు ఆ సినిమాల పుణ్యమే అనిపిస్తుంది నాకు.

1980లు వచ్చేసరికి యండమూరి, మల్లాది వారపత్రికల్ని ఆక్రమించారు. భయం, వేగం, తెలివి కొత్త సరుకులయ్యాయి. ఆ తర్వాత టీవీ వచ్చింది. సీరియల్ అన్న మాటే పత్రికని వదిలి పెట్టెలోకి వెళ్ళిపోయింది. విచిత్రమేమిటంటే ఆ పెట్టెలోకి కూడా ఆవిడ కథలు నడుచుకుంటూ వెళ్ళాయి. 2000ల్లో మా టీవీలో ఇంటిల్లిపాదీ చూసిన 'రాధ మధు'కి ఆధారం ఆవిడ 'గిరిజా కల్యాణం'. పుస్తకం ముట్టుకోని ఒక తరం, ఆవిడ పేరు తెలియకుండానే ఆవిడ పాఠకులైంది. 2018 మే నెలలో కాలిఫోర్నియాలో ఆవిడ చనిపోయినప్పుడు వచ్చిన నివాళుల్లో చాలావాటిలో ఆ కారు ఉంది, ఆ ఆరడుగులు ఉన్నాయి. ఒక రచయిత్రి పని మీద మాట్లాడాల్సిన రోజున కూడా మనం ఆవిడ హీరో ఎత్తు గురించే మాట్లాడుకున్నాం.

ఇదంతా పాత సంగతి అనుకుంటే, ఫోనులో ఏదైనా కథల యాప్ తెరిచి చూడండి. ప్రేమ సీరియల్స్ ఇప్పుడు పత్రికల రోజుల్లో కంటే ఎక్కువ వస్తున్నాయి. రాసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. రోజుకో భాగం, భాగానికో అపార్థం. రాజశేఖరం ఇప్పుడు సీఈఓ అయ్యాడు, కారు మోడల్ మారింది, కరుకుతనం బాగా పెరిగింది. ఆ కరుకుతనమంతా ప్రేమే అని చివర్లో తేలడం మాత్రం మారలేదు. నేను చదివినవాటిల్లో చాలావరకు 'సెక్రటరీ' దగ్గరే ఆగిపోయినవి. 'సెక్రటరీ'లో ఉన్న జయంతి జాగ్రత్త కూడా వాటిలో లేదు. సులోచనారాణి నుంచి అరువు తెచ్చుకోవాలంటే ఆవిడ మొదటి నవల విజయాన్ని కాక, ఆ విజయం తర్వాత ఆవిడ మార్చిన ఒక్క స్క్రూని తెచ్చుకోవాలి. హీరో ఎత్తు అలాగే ఉంచి, పెళ్ళిని అలాగే ఉంచి, పాఠకుల్ని ఒక్కరిని కూడా పోగొట్టుకోకుండా, అమ్మాయి చూపుని నిజం చేసిన పని.

అందుకే ఈ నవలల్ని మొదటిసారి చదవబోయేవాళ్ళకి నేను చెప్పే వరస ఇది. ముందు 'సెక్రటరీ', వెంటనే 'మీనా', ఊపిరి తీసుకుని 'స్వేచ్ఛ'. వెక్కిరింతా వద్దు, కన్నీళ్ళూ వద్దు. ప్రతి పుస్తకం మూసేముందు ఒక్కటి అడగండి. ఈ అమ్మాయి అనుకున్నది ఒప్పేనా? ఒప్పయితే ఆ సంగతి తేల్చింది ఎవరు?

ఇంకో నవల కూడా ఉండాలి. జయంతి అనుమానం నిజమైన నవల. అతను నిజంగానే పుకార్లలో విన్నలాంటివాడే. ఆమె పసిగట్టింది, నమ్మింది, రాజీనామా కాగితం టైపు చేసి బల్ల మీద పెట్టి బస్సెక్కింది. అయినా అది ప్రేమ నవలే, అయినా చివర్న ఆమె సంతోషంగానే ఉంది. ఆ నవల నాకింకా దొరకలేదు.